పోస్టరు మీద ముఖం వేయని కనకవల్లి గారు

కనకవల్లి టీచర్ గారు ఇక లేరన్న వార్త వచ్చేసరికి నేను గవర్నరుపేటలో ఫ్లెక్సీ షాపులో ఉన్నాను. మా కొత్త నాటకానికి ఆవిడ గీయబోయే పోస్టరు ఏ సైజులో వేయించాలో ఆవిడనే అడుగుదామని ఫోన్ తీశాను. ఇంతలో వాళ్ళమ్మాయే చేసింది. "అమ్మ పొద్దున పోయిందండీ" అంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చారు, కోలుకుంటున్నారు అనుకుంటున్న మాకు ఇది అశనిపాతం. మాట చెవిన పడిందే గానీ మనసుకెక్కడానికి చాలాసేపు పట్టింది.

ఆవిడ గుణదలలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. మా 'తెరచాటు' నాటక సమాజానికి పుట్టిన నాటినుంచీ చిహ్నం, పోస్టర్లు, ఆహ్వానపత్రికలు అన్నీ ఆవిడ చేతి మీదుగా వచ్చినవే. కొద్దిగా లేచిన తెర, దాని కింద రెండు ఒట్టి పాదాలు: అదీ మా లోగో. అప్పటి అధ్యక్షులు అది చూసి, "శుభమా అని సమాజం పెడుతుంటే ఈ కాళ్ళేంటండీ టీచర్ గారూ?" అని విసుక్కున్నారు. "నాటకం మొదలవకముందు జనానికి కనపడేవి అవేనండీ. అవి వణుకుతుంటే కూడా చూస్తాం మేము" అన్నారావిడ. అధ్యక్షులు నవ్వేశారు.

మూడు రిహార్సల్సు చూడందే పెన్సిల్ పట్టేవారు కాదు. మజ్జిగ సీసాతో వెనక వరుసలో కూర్చుని, అయిపోయాక ప్రతి నటుణ్ణీ, ఉత్తరం ఇచ్చిపోయే పోస్ట్‌మాన్ వేషగాణ్ణి కూడా, "స్టేజీ మీద నీ చేతిలో ఏముంటుంది నాయనా?" అని అడిగేవారు. ఆ జవాబుల్లోంచి ఒక్క వస్తువు పోస్టరు మీదికి వచ్చేది. ఆస్తి పంపకాల నాటకానికి చీలిన ఇల్లు వేస్తారనుకున్నాం. ఆవిడ ఒక టిఫిన్ క్యారియర్ గిన్నెలు విడదీసి, దేనికది దూరంగా పెట్టి గీశారు. మనిషి ముఖం మాత్రం ఎన్నడూ వేయలేదు. "ఒకాయన ముఖం వేస్తే అది ఆయన నాటకం అయిపోతుంది. మిగతావాళ్ళు ఎవరి నాటకంలో వేస్తున్నట్టండీ?" అనేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. ఒకసారి గుడివాడ అవతల ఒక ఊళ్ళో నాటక పరిషత్తు పోటీలకు వెళ్తున్నాం. "మా చుట్టాలంతా వస్తున్నారు. గేటు దగ్గర నా బొమ్మ లేకపోతే నేను రాను" అని మా ప్రధాన నటుడు అలిగి కూర్చున్నాడు. అతను మానేస్తే ప్రదర్శనే లేదు. టీచర్ గారు గీసిన బొమ్మ మీద అతని ముఖం పెద్దగా అతికించమని షాపులో నేనే చెప్పాను. ఆవిడకు చెప్పలేదు. కింద ఆవిడ సంతకం అలాగే ఉండిపోయింది.

హాలు గేటు దగ్గర ఆవిడ ఆ ఫ్లెక్సీ ముందు ఆగిపోయారు. "షాపువాడు పొరపాటు చేశాడండీ" అన్నాను. ఆవిడ నన్నొకసారి చూసి, సంచిలోంచి మార్కరు తీసి, తన పేరు మాత్రం కొట్టేసి, "పదండి, గంట కొట్టేస్తారు" అన్నారు. తిరుగు ప్రయాణంలో వ్యాన్లో అందరితోపాటు నాకూ పులిహోర పెట్టారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తరువాత కూడా ఆవిడ మాకు పోస్టర్లు వేస్తూనే ఉన్నారు. నేనే నోరు విప్పలేకపోయాను. పోయిన నెల ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి, "టీచర్ గారూ, ఆ పరిషత్తు రోజున..." అని మొదలుపెట్టాను. "అది సరే గానీ, కొత్త నాటకం రిహార్సల్ ఎంతదాకా వచ్చిందండీ?" అన్నారు. నేను ఆ ప్రశ్నను పట్టుకుని అరగంట రిహార్సల్ గురించే మాట్లాడాను. మెట్లు దిగుతూ 'అమ్మయ్య' అనుకున్నాను. ఆ అమ్మయ్యకు ఇవాళ సిగ్గుపడుతున్నాను.

మొన్న ఆదివారం ఆ నాటకం పోస్టరు లేకుండానే ఆడాం. కంప్యూటర్ మీద పది నిమిషాల పని. మాలో ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఆవిడ స్థానం ఎవరితోనూ భర్తీ అయ్యేది కాదు. ప్రదర్శనకు ముందు అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాం.

నా మౌనం మాత్రం ఇంక చాలు. మా సభ్యులకు కూడా ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. టీచర్ గారూ, ఆ షాపతను ఏ పొరపాటూ చేయలేదు. మీ బొమ్మ మీద ఆ ముఖం పెట్టించింది నేను. మీకు అబద్ధం చెప్పిందీ నేనే. నన్ను క్షమించండి.