మూడు రోజుల ఖాళీ వీధి

అలివేలమ్మకు కొలతలవాళ్ళంటే నమ్మకం లేదు. గద్వాలలో ఆమె ఉండే నేతగాళ్ళ వీధికి ఏడేళ్ళ కింద టేపు పట్టుకుని ఇద్దరు వచ్చారు. ఊరికే రాసుకుంటున్నామన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి మురుగు మోరీ కోసమని ఇళ్ళ ముందరి అరుగులన్నీ పోయాయి. అరుగు పగలగొడుతుంటే ఆమె భర్త సీతారాములు మగ్గం మీది నుంచి లేవలేదు. ఆమె మాత్రం ఆఖరి రాయి బండికెక్కేదాకా అక్కడే నిలబడింది.

అందుకే 2008లో హైదరాబాద్ నుంచి వచ్చిన శ్రవణ్ కుమార్ అరచేతిలో పట్టే యంత్రాన్ని చూపించినప్పుడు ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇది జీపీఎస్ అమ్మా. నడుముకు పెట్టుకుని మూడు రోజులు మీ పని మీరు చేసుకోండి. మీరెటు తిరిగితే అటు మ్యాపులో గీత పడుతుంది. వీధి మొదట్లో మా మనిషి కూర్చుని వచ్చేపోయే వాళ్ళని లెక్కపెడతాడు. జనం ఎటు నడుస్తున్నారో తెలిస్తే ఊరికి ప్లాను గీయొచ్చు."

"నేనేడ తిరిగితే నీకేంది సారూ? మా ఆయనే అడగడు."

పక్కింటి బాలనాగమ్మ నవ్వింది. "కట్టుకో అక్కా, తాయెత్తనుకో."

శ్రవణ్ కూడా నవ్వి, ఈ వీధిని దేనికి వాడుకుంటారని అడిగాడు.

"దేనికి వాడుకుంటం? ఇండ్లల్లకు పోతం, వస్తం," అంది అలివేలమ్మ.

నిజానికి రోజూ పొద్దున ఆరు గంటలకే ఆ వీధి మూసుకుపోతుంది. చీరల పడుగు పోగులను ఈ కొస నుంచి ఆ కొసకు కట్టి, గంజి పట్టించి, ఆరేదాకా ఇద్దరు చెరో పక్క కుంచె లాగుతూ నడుస్తారు. మధ్యలో ఆపితే పోగులు అంటుకుపోతాయి. అంత పొడవు జాగా ఏ ఇంట్లోనూ లేదు. ఈ సంగతి ఆమె చెప్పలేదు. చెబితే దాన్నీ ఎక్కడో రాసుకుంటాడనిపించింది.

అతను వెళ్ళగానే అందరినీ పిలిచింది. "మంది ఎక్కువ నడిసేకాడ రోడ్డు పెద్దగ జేస్తరు. ఈసారి అరుగులు గాదు, ఇండ్ల ముందటి అర్రలు పోతయి. మూడు దినాలు ఎనక సందులకెంచి నడువుండ్రి."

"మరి పడుగు?"

"పాత మిల్లుకాడ బయలున్నది గద."

బయల్లో గాలికి దుమ్ము లేచి గంజి మీద పడింది. బాలనాగమ్మ వాళ్ళ పడుగు ఒకటి పనికిరాకుండా పోయింది. యంత్రం మూడు రోజులూ అలివేలమ్మ ఇంట్లో మేకుకు వేలాడింది.

"మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదా అమ్మా?" అన్నాడు శ్రవణ్ నాలుగో రోజు.

"మోకాళ్ళ నొప్పులు సారూ."

బాలనాగమ్మ ముఖం తిప్పుకుంది.

నాలుగు నెలల తర్వాత మున్సిపల్ ఆఫీసు గోడకు మ్యాపు అంటించారు. అభ్యంతరాలుంటే నెలలోగా రాసివ్వమన్నారు. పదో తరగతి చదివిన బాలనాగమ్మ కోడలు నవనీత చూసి వచ్చింది. బజారు రోడ్డంతా ఎర్ర గీతలట. వాళ్ళ వీధి తెల్లగా ఉందట. ఆ తెలుపు మీదుగా బాణం గుర్తు వేసి, మార్కెట్ యార్డు లారీలకు దారి అని రాశారట.

అలివేలమ్మ ఆ రోజే ఆఫీసుకు పోయింది. శ్రవణ్ అక్కడే ఉన్నాడు.

"ఎవరూ నడవని వీధి కదమ్మా. లారీలను అటు మళ్ళిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇల్లు ఒక్కటీ కూలదు."

"పొద్దుగాల్నే వస్తయా?"

"తెల్లవారుజాము నుంచే."

ఆమె గోడ మీది బాణం గుర్తు వైపు చూసింది. లారీలు తిరిగితే ఇళ్ళుంటాయి, పడుగుకు చోటుండదు.

"మేం నడుస్తం సారూ. ఆ మూడు దినాలు కావాల్నని నడువలే."

"ఎందుకు?"

"మా అరుగులు దీస్కపోయిండ్రు."

"నేనా?"

"నీ అసొంటోళ్ళు."

అతను తెల్ల కాగితం ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాసివ్వమన్నాడు.

వీధిలో ఎవరూ ఒప్పుకోలేదు. "అబద్దమాడినమని మనమే రాసిస్తే రేపు మన మాట ఎవలు నమ్ముతరు? నీ మాటిని నా పడుగు పాయె. ఇప్పుడు ఇజ్జత్ గూడ తియ్యి," అంది బాలనాగమ్మ.

అలివేలమ్మ నవనీత చేత రాయించింది. అందరినీ ఆపింది తనేనని, వేరే ఎవరి తప్పూ లేదని చెప్పి వేలిముద్ర వేసింది. ఆ తర్వాత పది రోజులు కుంచెకు ఎదురుగా నిలబడడానికి బాలనాగమ్మ రాలేదు. సీతారాములే మగ్గం వదిలి వచ్చాడు.

ఒక గురువారం ఏడింటికి శ్రవణ్ ఒక అధికారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పడుగు వీధి పొడుగునా ఉంది, గంజి తడిగా ఉంది. ఆ కొసకు పోవాలన్నాడు అధికారి.

"ఆరినంక పోండ్రి సారూ. ఇప్పుడు ఆపితె పోగులు అంటుకుంటయి," అంది ఆమె, కుంచె ఆపకుండా.

వాళ్ళు చాలాసేపు నిలబడ్డారు. అధికారి రెండుసార్లు గడియారం చూసుకుని, చివరికి ఫైలు తెరిచి రాశాడు.

"ఏం రాసినవ్ సారూ? సదువు."

"ఉదయం ఆరు నుంచి పది వరకు వీధి మొత్తం నేతపనికి వాడుకలో ఉంది. లారీల మళ్ళింపు వీలుకాదు."

"మొగులు వట్టి ఎండ లేనినాడు పన్నెండైతది. అది గూడ రాయి."

అతను శ్రవణ్ వైపు చూసి, పది కొట్టేసి పన్నెండు చేశాడు. అలివేలమ్మ కుంచెను పక్కనున్నామెకు అందించి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం అడిగి తీసుకుంది. గడపలో నిలబడ్డ నవనీతకు అందించింది.

"సారు సదివిందే ఉన్నదా, ఇంకేమన్న ఉన్నదా, సూడు బిడ్డా."

నవనీత మొదటి నుంచి పైకి చదివింది. అదే ఉంది. చదువుతున్నంతసేపూ అలివేలమ్మ అధికారి ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. కాగితం తిరిగి ఇస్తూ, అడుగున ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, "కింద సంతకం లేదు సారూ," అంది.