కిందింటి వాళ్ళ బాండు

ఇది ఇంతకుముందు రాయకపోవడానికి కారణం పెద్దదేమీ కాదు, నాకు రాయడం రాదు. కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ కేసెట్లో మాట్లాడి ఇంటికి పంపేదాన్ని. ఆ కేసెట్‌ను మా వీధి వీధంతా చుట్టూ కూర్చుని వినేది. అంతమంది వినే మాటల్లో ఏడుపు పెట్టలేం. యాభై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను.

అక్కడి హవల్లీ అనే పేటలో ఒక అరబ్బు ఇంట్లో, మూడో అంతస్తులో పనిచేసేదాన్ని. తొంభయ్యో సంవత్సరం ఎండాకాలంలో ఇంటివాళ్ళు సెలవులకు వేరే దేశం పోతూ, నడవలేని ముసలి తల్లిని నాకు అప్పజెప్పారు. ఆమెను పెద్దమామా అని పిలిచేదాన్ని, అక్కడ మామా అంటే అమ్మ. వాళ్ళు తిరిగి రాకముందే ఇరాక్ సైన్యం వచ్చింది. ఫోన్లు ఆగిపోయాయి. ఇంట్లో ఆమె, నేను మిగిలాం.

మా కింది ఫ్లాటులో నలుగురు గోవా వాళ్ళుండేవారు. డెబ్బైలలో బొంబాయిలో వాళ్ళ రాక్ బాండుకు పెద్ద పేరట. ఇక్కడి హోటల్లో వాయించడానికి వచ్చి, ఆ పని పోయాక ఎలక్ట్రానిక్స్ కొట్లలో కుదిరారు. గురువారం సాయంత్రాలు మాత్రం గిటార్లు, డ్రమ్ములు తీసేవారు. మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. పెద్దమామా మంచం మీది నుంచే కర్రతో నేలను బాదేది. "దయ్యాలు! దయ్యాలు!" అని తిట్టేది. సైన్యం వచ్చిన దగ్గర్నుంచి ఆ చప్పుడు లేదు.

మా సందులోనే ఉండే రాయచోటి వైపు డ్రైవరు ఒకతను, ఇండియా విమానం ఎక్కడానికి జోర్డాన్ పోయే బస్సులో నాకూ ఒక సీటు పట్టాడు.

"రేపు తెల్లారేటప్పటికి కింద నిలబడాలక్కా. రాకుంటే నీ సీట్లో ఇంగొకరు కూర్చుంటారు. మల్లా నన్ను తిట్టద్దు."

"ముసలామె ఎట్లబ్బీ?"

"ఎదురింటామె సూసుకుంటాదంటివే!"

నిజమే, ఎదురు ఫ్లాటు ఈజిప్టు ఆమె మాటిచ్చింది. ఊళ్ళో నా పిల్లలకు నేను బతికున్నదీ లేనిదీ తెలియదు. వెళ్ళాలనే అనుకున్నాను. పెద్దమామాకు మాత్రం చెప్పలేకపోయాను. చెబుదామని పక్కన కూర్చోవడం, కాళ్ళు పిసికి లేచి రావడం, అంతే అయింది.

గోవా వాళ్ళదీ అదే బస్సు. మనిషికి ఒక సంచే పట్టుకుపోవాలి. డ్రమ్ములు ఎలాగూ సైనికుల పాలవుతాయి, పోయేముందు ఒకసారి వాయించుకుందామని ఆ మధ్యాహ్నం కార్లు పెట్టే బేస్‌మెంట్‌లో అన్నీ సర్దారు. చప్పుడు సైనికులు కాపలా ఉన్న జంక్షన్ దాకా పోకుండా తలుపులకు పరుపులు ఆనించారు. డ్రమ్ము సరిచూసుకునే మోత పైకి వినిపించగానే పెద్దమామా మెడ ఎత్తింది.

"నన్ను కిందికి దింపించు."

డ్రైవరూ, డ్రమ్ములాయనా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోశారు. ఆమె డ్రమ్ములాయన బట్టతలనే చూస్తూ, "వీడికి జుట్టంతా ఊడిపోయిందే! నేను తిట్టిన తిట్లకే!" అంది.

నేను చెప్పులు బయట విడిచి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చూస్తే బిల్డింగు జనమంతా నిలబడే ఉన్నారు.

"ఏందక్కా, భజనకొచ్చినావా?" అన్నాడు డ్రైవరు. లేచి నిలబడ్డాను.

వాయించడం మొదలైంది. పైనుంచి విన్నదంతా గోల. ఎదురుగా ఉంటే అలా లేదు. ఆ మోత నేలలోంచి కాళ్ళకు ఎక్కి రొమ్ములో కొట్టుకుంది. మాటలు నాకు తెలియవు. పాడే ఆయన మెడ నరాలు ఉబ్బిపోయి, కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

పెద్దమామా నా చెయ్యి లాగింది. "ఖలాస్. యుద్ధం అయిపోయింది."

"ఎవరు చెప్పారు మామా?"

"ఎవరైనా చెప్పాలా? దయ్యాలు వాయిస్తున్నాయి కదా. ఇక దారులు తెరుస్తారు. రేపు నా కొడుకు వస్తాడు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా చేతి మీద పాటకు తాళం వేస్తోంది.

అప్పుడే ఈజిప్టు ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "మేమూ పొద్దున్నే పోతున్నాం. మా బావ కార్లో చోటు దొరికింది. నన్ను ఏమీ అనుకోకు."

వినపడనట్టు మళ్ళీ అడిగాను. మొదటిసారే వినపడింది. ఆమె మళ్ళీ అదే చెప్పింది.

ముసలామెను ఎవరికి అప్పజెప్పాలా అని ఒక్కొక్కరి ముఖమూ చూశాను. అందరూ పోయేవాళ్ళే. పాట ఆగింది. పాడే ఆయన నుదురు తుడుచుకుని, "తరువాతది పై అంతస్తు మామాకు. ఇన్నేళ్ళూ ఒక్క గురువారం కూడా వదలకుండా మమ్మల్ని విన్నది ఆవిడ ఒక్కతే" అన్నాడు. అందరికన్నా ఎక్కువ పెద్దమామాయే నవ్వింది. నవ్వుతూ ముందుకు జారిపోతోంది. కుర్చీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కొట్టలేదు, చేతులు ఖాళీ లేవు.

మరుసటి పొద్దున బస్సు హారన్ వినగానే కిందికి దిగాను.

"సంచి యాడక్కా?" అన్నాడు డ్రైవరు.

"నా సీటు ఇంగెవరికైనా ఇయ్యబ్బీ."

"నీకేమన్నా పిచ్చా? ఆ ముసిల్ది నీకేమైతాది?"

"ఏమీ కాదు" అన్నాను.

అతను చేత్తో ముఖం తుడుచుకుని బస్సు ఎక్కేశాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఉండి పైకి వచ్చాను. పెద్దమామా పక్కగుడ్డలు మార్చి, రెండో వైపుకు తిప్పి పడుకోబెట్టాను. రొట్టెలు కాస్త ఎక్కువ తెమ్మంది, కొడుకు ఆకలితో వస్తాడట. సరేనని తల మీద గుడ్డ కట్టుకుని బేకరీకి పోయాను. అప్పటికే లైను సందు చివరిదాకా ఉంది. వెళ్ళి వెనక నిలబడ్డాను.