బంతిపూల కింద నీళ్లు

పిల్ల ఇప్పుడు బాగానే ఉంది, ముందే చెబుతున్నాను. బాగాలేనిది నాకే. బంతిపూలు గుట్టగా కనబడితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అల్వాల్‌లో మా ఆడపడుచు ఇంటి వెనక చిన్న ఈతకొలను ఉంది. నాకు ఛాతీ లోతు. తన పెద్దకూతురి బిడ్డ నడక నేర్చాక దాని చుట్టూ ఇనుప జాలీ, గడియ ఉన్న గేటు పెట్టించింది. తన చిన్నకూతురి హల్దీ రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఆ జాలీ ఊడదీసి గోడకు ఆనించి ఉంది. ఫోటోలకు అడ్డమని అలంకరణవాళ్లు అడిగితే సరేనందట.

మూడేళ్ల పిల్ల తిరిగే ఇంట్లో కంచె తీయిస్తారా అని నిలదీశాను.

“గింతమంది ఉన్నం, ఒక్కరు సుత చూడమా? శుభకార్యంల నీ లొల్లేంది?” అంది.

“గింతమంది ఉన్నరు గనకనే ఎవ్వరు చూడరు, వదినా.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నోరెక్కువని వాళ్లందరికీ తెలుసు.

వాకిట్లో బంతిపూలు తివాచీలా పరిచి, పిల్లను వాటి మీద నడిపించి వీడియో తీశారు. అందరం చప్పట్లు కొట్టాం. అవే పూలు వెనక కొలనులోనూ బుట్టలకొద్దీ పోశారు. నీళ్లన్నవే కనబడలేదు.

పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టారు. పాటలు హోరెత్తుతున్నాయి. పసుపు గిన్నె అందుకోబోతూ కొలను వైపు చూశాను. పూల మధ్య చాటంత ఖాళీ. అరుపు లేదు, నీళ్లు కొట్టుకున్న చప్పుడైనా లేదు. పక్కనే కుర్చీల్లో కబుర్లు సాగుతూనే ఉన్నాయి. ఆ ఖాళీ మెల్లగా మూసుకుపోతోంది.

పట్టుచీరతోనే దూకాను. చేతికి గౌను తగిలింది, లాగాను. పెదాలు నీలంగా ఉన్నాయి. గట్టు మీద పడుకోబెట్టగానే దగ్గింది, నీళ్లు కక్కింది, ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నేనెన్నడూ వినలేదు.

మా వదిన పరుగున లోపలికెళ్లి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చింది, దిష్టి తీయడానికి. ఇంతా జరిగాక తప్పు ఎవరి కళ్లదో అయిందా? ఏడ్చింది కదా, ఇంకేం భయం లేదని ఇంకెవరో అన్నారు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయుంటే కాసేపటికి ప్రాణం మీదికొస్తుందని అరిచి, ఆసుపత్రికి కారు తీయించాను.

కారులో తల్లి ఒడిలో, తువాలులో చుట్టుకుని ఉన్న పిల్ల నావైపు చూసింది. వరసకు నేనూ దానికి అమ్మమ్మనే.

“అమ్మమ్మా, పూల మీద నడిచిన. పూలు కిందికి పోయినయ్.”

ముందు సీట్లో మా వదిన చేతిలో ఆ మిరపకాయలు ఇంకా అలాగే ఉన్నాయి. కాసేపటికి ఇంటికి ఫోన్ చేసింది.

“ఆ పూలన్ని తీసెయ్యుండ్రి. జాలీ బిగిచ్చినంకనే పసుపు షురూ చెయ్యుండ్రి,” అంది. అవతల ఏదో అడిగినట్టున్నారు. “ఫోటోలు రాకుంటే రాకపోనీ.”