బడికి బొట్టు

మా చిన్నమ్మ పోయిందన్న కబురు మంగళవారం పొద్దున తెలిసింది. హయత్‌నగర్‌లో మా ఇంట్లో అప్పుడే స్నానం చేసి దీపం పెట్టిన. దేవుని పటాలకు ఒక్కొక్క పువ్వు పెడుతున్న. పొయ్యి మీద పాలు కాగుతున్నయి. కింద ఆకుకూరలామె కేకేస్తున్నది. ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, చిన్నమ్మ పోయింది. నిద్రలనే," అన్నడు. చేతిలో ఒక మందారం మిగిలింది. దాన్ని సంచిలో పెట్టుకొని ఇబ్రహీంపట్నం బస్సెక్కిన. ఆమె పాదాల దగ్గర పెట్టిన.

ఆమె మా చిన్నాయన భార్య. ఇబ్రహీంపట్నం పక్కనున్న మా ఊరి సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. చిన్నాయన తొందరగానే పోయిండు. పిల్లలు కలగలేదు. ఎవరన్నా జాలిపడితే, "నాకేం తక్కువ? రోజూ బడినిండ పిల్లలు," అనేది. అన్నం ఉడికితే బడి గంట దాకా ఆగేది కాదు. గరిటెతో గిన్నె అంచు మీద రెండు దెబ్బలు వేసేది. లోపల చదువు అక్కడికక్కడ ఆగిపోయేది. ఎంతమంది పిల్లలున్నా ఒక పల్లెం ఎక్కువే కడిగి పెట్టేది. "ఎవలన్న వస్తరు," అనేది.

తర్వాత మా దిక్కు భూముల రేట్లు పెరిగినయి. బొంగులూరు దగ్గర రింగురోడ్డు, దాని చుట్టూ వెంచర్లు. చేతిలో నాలుగు పైసలు ఆడిన ఇండ్లల్ల పిల్లలు పసుపు వ్యానెక్కి ప్రైవేటు బడికి పోయిన్రు. అప్పుడే రాష్ట్రంలో చట్టం మారింది. ఇకనుంచి పిల్లల సంఖ్యను బట్టే బడికి నిధులు. మరీ తక్కువైతే బడి మూసి, ఉన్న పిల్లలను పక్క ఊరికి పంపుతరు. బడి పెద్ద మేడం పేపరు చదివి వినిపిస్తే చిన్నమ్మ ఒకటే అడిగింది.

"పిల్లలు ఏ ఊరోళ్లై ఉండాల్నో అండ్ల రాసిన్రా?"

"లేదు."

"మరింకేం!"

ఆ ఎండకాలం సెలవులకు నేను పుట్టింట్లనే ఉన్న. చిన్నమ్మ కుంకుమ భరిణె పట్టుకొని వచ్చింది. "వెంచర్ల పనికొచ్చినోళ్ల పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుతున్నరు. పెండ్లికి పిలిచినట్టు బొట్టు పెట్టి పిలుద్దాం. అట్ల పిలిస్తే రానోళ్లుంటరా?" అన్నది. భర్త లేని ఆడది బొట్టు పెట్టి పిలవగూడదని మా దగ్గర పట్టింపు. ఆమె భరిణె మూత తీసి నా ముందర పెట్టింది. తను వేలు ముంచలేదు.

"నోరు నాది, చేయి నీది. నడువ్."

మూడు రోజులు గుడిసె గుడిసెకు తిరిగినం. ఆమె పిలిచేది, నేను పెట్టేదాన్ని. బడికాడికి పిల్లాజెల్లతోని రమ్మన్నది, భోజనం ఉన్నదన్నది. చదువు మాట చెప్పుడు మాత్రం మరిచింది. బొట్టు పెట్టుడుల పడి నేను గూడ అది పట్టించుకోలేదు.

బడి తెరిచిన రోజు వాళ్లంత తలలకు నూనె పెట్టుకొని, పెట్టెలోని చీరలు కట్టుకొని, కొబ్బరికాయలు, జాకెట్ ముక్కలు పట్టుకొని వచ్చిన్రు. ఒక ముసలామె వాకిట్ల నిలబడి, "పెండ్లిపిల్ల ఏది? పిలగాడు ఏడి?" అని గద్దించింది. నేను చిన్నమ్మ దిక్కు చూసిన.

"పెండ్లి గీ బడికే, అవ్వా. మీ పోరగాండ్లే చుట్టాలు," అన్నది చిన్నమ్మ.

"మరి తెచ్చిన జాకెట్ ముక్క ఎవలికియ్యాలె?"

"ఇటు తే. బోర్డు తుడిచే గుడ్డ లేక మేడం కొంగుతోని తుడుస్తున్నది."

అందరు నవ్విన్రు. పప్పు సరిపోదని చిన్నమ్మ రెండు చెంబుల నీళ్లు పోసింది. "పెండ్లి పప్పు గిట్లనే ఉంటది," అనుకుంట వడ్డించింది. వాళ్లు తిని లేచేసరికి పెద్ద మేడం పిల్లల పేర్లన్నీ రాసుకున్నది. వారం తర్వాత అధికారి వచ్చి పిల్లలను లెక్క చూసుకొని పోయిండు. బడి నిలిచింది.

ఏటా గుడిసెలల్ల మనుషులు మారేటోళ్లు. ఏటా మేమిద్దరం తిరిగేటోళ్లం. మూడేండ్ల కింద మా ఆయన పోయిండు. నేను భరిణె ముట్టలేదు, ఆమె అడగలేదు. ఒక్కతే పోయి నోటితోనే పిలిచి వచ్చేది. పిల్లలు తగ్గుకుంట వచ్చిన్రు.

చిన్నమ్మ దినాలు అయిపోయిన సాయంత్రం పెద్ద మేడం ఇంటికి వచ్చింది. ఈ ఏడు పేర్లు చాలకపోతే బడి ఉండదని చెప్పి పోయింది. తమ్ముడు, మరదలు, చెల్లె, నేను వాకిట్ల కూర్చున్నం. మరదలు లోపలికి పోయి చిన్నమ్మ భరిణె తెచ్చింది. నేను దాన్ని చెల్లె దిక్కు జరిపిన. చెల్లె ముట్టలేదు.

"పోయిన నెల దవాఖానల చిన్నమ్మ నాతోని అన్నదక్కా. 'నేను భయపడి బొట్టు పెట్టలే. మీ అక్కను భయపడొద్దని చెప్పు,' అన్నది."

"నలుగురు ఏమంటరే?" అన్న నేను.

"గుడిసెలకాడ ఎవలడుగుతరు?" అన్నడు తమ్ముడు. "ఎండల తిరగలేక సాకులు చెప్తున్నవ్."

"గిప్పుడు నోరు నాది, చేయి నీది," అన్నది చెల్లె.

కండ్లు మూసుకొని దేవుణ్ని తలుచుకున్న. సరే అన్న.

ఆదివారం పొద్దుగాల మొదలుపెట్టాలె. తమ్ముడు ఆటో మాట్లాడాలె. చెల్లె పిలవాలె, చదువు మాట మరువకుండ చెప్పాలె. బడి తెరిచినాడు మరదలు ఒక పల్లెం ఎక్కువ కడిగి పెట్టాలె. బొట్టు నేను పెట్టాలె. ఇంట్ల అందరం అనుకున్నది ఇదే.

భరిణె మూత తీసిన. కుంకుమ నడుమ నా వేలు చేసిన గుంట అట్లనే ఉన్నది. మూడేండ్లు ఆమె దాన్ని చదును చేయలేదు.