పొడి వెంట్రుక

మా పామర్రు చర్చి అయ్యగారు బాప్తిస్మం ఇచ్చాక, దీవించే ముందు తల తడిమి చూసేవారు. బందరు కాలువలో ముంచి లేపిన మనిషి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, ఒక్క వెంట్రుక పొడిగా తగిలినా మళ్లీ ముంచేవారు. ఒత్తుజుట్టు ఆడవాళ్లు రెండు మూడు మునకలకు సిద్ధపడే వచ్చేవారు. బాప్తిస్మమంటే క్రీస్తుతో పాతిపెట్టబడడమనీ, పిడికెడు మట్టి చల్లేసి శవాన్ని పాతిపెట్టామంటే ఎవరైనా ఒప్పుకుంటారా అనీ ఆయన వాదన.

మా నాన్నమ్మ మంచాన పడ్డాక బాప్తిస్మం అడిగింది. అది మే నెల, కాలువలు కట్టేశారు. నెత్తిన కాసిని నీళ్లు పోయమని నాన్న బతిమాలాడు.

"చిలకరింపు చెల్లదండీ. కాలువ వదలనివ్వండి," అన్నారు అయ్యగారు.

"అయితే పరలోకం తాళాలు కూడా ఇరిగేషనోళ్ల దగ్గరే ఉన్నాయన్నమాట," అంది నాన్నమ్మ. కాలువకు నీళ్లు రాకముందే పోయింది.

తర్వాత రెండేళ్లకు, మళ్లీ ఎండాకాలంలోనే, అయ్యగారి తల్లి మంచాన పడింది. జీవితమంతా గుడికే వెళ్లిన ఆవిడ, ఆఖర్న కొడుకుని బాప్తిస్మం అడిగింది. ప్రార్థనకని వెళ్లిన మా ముందే ఆయన స్టీలు గ్లాసుతో ఆవిడ తల మీద మూడుసార్లు నీళ్లు పోశారు.

"తొలి రోజుల సంఘం కూడా నీళ్లు చాలకపోతే ఇలాగే పోసేదమ్మా," అన్నారు నాతో.

"మరి మా నాన్నమ్మప్పుడు చెప్పలేదేంటండీ?"

"ఈమధ్యే చదివాను," అన్నారు.

ఆవిడ తెల్లజుట్టు సగానికి పైగా పొడిగానే ఉంది. అయ్యగారు తడిమి చూడకుండానే దీవించేశారు.