పైనుంచి కనబడే ఎర్ర బండి

నాన్న లారీ ఎక్కడుందో ఇప్పుడు నా ఫోన్‌లో కనబడుతుంది. మ్యాపు మీద ఆ చిన్న బండి బొమ్మ మలుపు తిరిగినప్పుడల్లా నాకు చీపురుపల్లిలో అమ్మమ్మ వాళ్ళిల్లు గుర్తొస్తుంది.

అక్కడ మా మావయ్య కంప్యూటర్లు బాగుచేసేవాడు. నా ఏడో ఏట, ఎవరో వదిలేసిన పాతకాలం కంప్యూటర్ని టీవీకి తగిలించి కార్ల పందెం ఆట పెట్టాడు. రోడ్డూ, బళ్ళూ అన్నీ పైనుంచే కనబడేవి.

ఆ వారం నాన్న లారీ తోలుకుని రాయపూర్ వెళ్ళాడు. "మీ నాన్న బండిని దేవుడు పైనుంచి సూస్తన్నాడే," అనేది అమ్మమ్మ, ప్రార్థన అయ్యాక. దేవుడికి కనబడేది ఇదేననుకున్నాను. తెర మీది ఎర్ర బండి నాన్నది. అందుకే బటన్లు నొక్కుతూ దాన్ని మలుపుల్లో మెల్లగా, ఏ గోడకీ తగలకుండా తిప్పేదాన్ని.

"ఒసే, పందెమిది. ఇలా తోల్తే ఎప్పుడు గెలుస్తావు?" అన్నాడు మావయ్య.

"గెలవక్కర్లేదు మావా. గుద్దుకోకుంటే సాలు."

నాన్న తిరిగొచ్చాక సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "అందుకేనేటే, ఘాట్ రోడ్డులో బండి అంత మెత్తగా తిరిగినాది," అన్నాడు.

ఇప్పుడు ఆయన బండి నిజంగానే పైనుంచి కనబడుతోంది. తిప్పడానికి నా దగ్గర బటన్లే లేవు.