బొట్ల మీద రేకు

చెక్క వేడెక్కిందని ముందు నా ముక్కుకే తెలిసింది. నవంబరులో ఒక సాయంత్రం సోఫాలో కూర్చుని ఉంటే గదంతా వార్నిష్ వాసన. లేచి వెళ్ళి ఫైర్‌ప్లేస్ పైనున్న చెక్క పట్టీ మీద చెయ్యి పెట్టాను. పెట్టినంత వేగంగా తీసేశాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం ఈ ఇల్లు కొన్నప్పటికే ఆ ఇటుకల ఫైర్‌ప్లేస్‌లో ఇనప పెట్టె లాంటి ఇన్సర్ట్ బిగించి ఉంది. కట్టెలు వేసి గాజు తలుపు మూస్తే ఇల్లంతా వెచ్చబడుతుంది. దానికి పైన, గోడకి అడ్డంగా, ఓక్ చెక్క పట్టీ. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ పండక్కో పబ్బానికో తప్ప దాన్ని వెలిగించనిచ్చేది కాదు. "ఊరందరి కార్లకీ రేకులు కడతారు, మనింటి చెక్కకి మాత్రం దిక్కులేదు. ఊరికి శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట," అనేది. ఆ దెప్పడంలో అబద్ధమేం లేదు. ఆఫీసులో నా పని హీట్ షీల్డులు గీయడం. కారు కింద పొగగొట్టం సెగ పై భాగాలకి తగలకుండా అడ్డు పెట్టే పల్చటి రేకులవి. వాటి గురించి గంటలకొద్దీ మాట్లాడగలను, వినేవాళ్ళుంటే.

ఆమె ఫిబ్రవరిలో పోయింది. కేన్సర్. పరామర్శకి వచ్చినవాళ్ళు నా మొహం చూసి "చాలా ధైర్యంగా ఉన్నారు" అన్నారు. ధైర్యం లేదు, పాడూ లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తే చెంప ఉందో ఊడిందో తెలియదే, అలా ఉంది నాకు. వాళ్ళు తెచ్చిన పులిహోర తిన్నాను. డబ్బాలు కడిగి ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను. మీటింగులకి వెళ్ళాను, జోకులకి నవ్వాను కూడా. ఒక్క చలి మాత్రం ఎక్కువైంది. అందుకని రోజూ కట్టెలు వేయడం మొదలుపెట్టాను. వద్దనేవాళ్ళు లేరు కదా.

ఆ చెక్క మీద వరసగా అయిదు బొట్లున్నాయి. దసరాకి ఆయుధ పూజ పేరుతో ఆమె ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ పసుపు రాసి కుంకుమ పెట్టేది. కారు, మిక్సీ, వాషింగ్ మెషీన్, దేన్నీ వదిలేది కాదు. ఇన్సర్ట్‌కి ఇనుము మీద పెడితే మాడిపోతాయని పైనున్న చెక్కకి పెట్టేది. ఈసారి ఏటిసూతకం, దసరా చెయ్యలేదు. కిందటేడు పెట్టినవి చెక్క మీద అలాగే ఉన్నాయి. కారు మీదవి మంచుకీ, రోడ్డు మీద చల్లే ఉప్పుకీ పోయాయి. మిక్సీ మీదవీ, వాషింగ్ మెషీన్ మీదవీ, ఇంటిపనికి సాయం వచ్చిన ఆంటీలెవరో శుభ్రంగా తుడిచేశారు. ఆమె వేలు తగిలిన గుర్తులు ఇంట్లో ఇక ఈ అయిదే. ఆ సాయంత్రం దగ్గరగా చూస్తే వాటి పసుపు గోధుమరంగులోకి తిరిగి ఉంది. నాకు భయం వేసింది. ఆమె పోయాక దేనికైనా నాకు భయం వేయడం అదే మొదలు.

వెలిగించడం మానేస్తే సరిపోయేది. ఆ మాట నాకు తోచకపోలేదు. కానీ చలి.

ఇన్సర్ట్‌తో వచ్చిన పుస్తకం తీసి చెక్క ఎంత దూరం ఉండాలో చూసుకున్నాను. చెక్క పొడుగుకి సరిపడా నల్ల రంగు వేసిన స్టీలు రేకు కోయించి తెచ్చాను. ఈ పనిలో తెలియాల్సింది ఒక్కటే, రేకు చెక్కకి ఆనకూడదు. అంగుళం ఎడం ఉండాలి, కిందా పైనా తెరిచి ఉండాలి. అప్పుడు మధ్యలోంచి గాలి పైకి పోతూ వేడిని తీసుకుపోతుంది. ఆనించి బిగిస్తే ఆ రేకే చెక్కని కాలుస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి "ఇది మడి కట్టుకుంది, దేన్నీ తాకదు" అని చెబుతుంటాను. తెలుగువాళ్ళు నవ్వుతారు, మిగతావాళ్ళు మర్యాదకి నవ్వుతారు. ఎడం కోసం స్క్రూలకి చిన్న చిన్న గొట్టం ముక్కలు తొడిగాను. రేకుకి ఆ చివరొకటి, ఈ చివరొకటి, నట్టనడుమ ఒకటి రంధ్రాలు వేశాను.

థాంక్స్‌గివింగ్ సెలవలకి మా అమ్మాయి ప్లెయిన్స్‌బరో నుంచి వచ్చింది. అక్కడ మందుల కంపెనీలో పని చేస్తుంది. ఇక్కడే పుట్టింది కాబట్టి దాని తెలుగు సగం ఇంగ్లీషు. రేకు ఎత్తి పట్టుకోమన్నాను. పట్టుకుంది. పెన్సిలుతో గుర్తులు పెడుతూ మధ్య రంధ్రంలోంచి చూస్తే సరిగ్గా మూడో బొట్టు కనబడింది.

"దించెయ్," అన్నాను. "స్క్రూ బొట్టు మీదకి వస్తోంది. పక్కన ఇంకో రంధ్రం వేస్తా."

"పక్కన అంటే సెంటర్‌లో ఉండదు కదా నాన్నా. క్రుకెడ్‌గా కనిపిస్తుంది."

"కనిపించనీ. అవి మీ అమ్మ పెట్టినవి."

అది రేకు దించి, గుండెలకి ఆనించి పట్టుకుని నిలబడింది. "నాన్నా, అవి అమ్మవి కావు," అంది.

నాకు అర్థం కాలేదు.

"లాస్ట్ దసరాకి నేను వచ్చినప్పుడు అమ్మ చెయ్యి పైకి రాలేదు. కీమో పోర్ట్ ఉంది కదా ఇక్కడ," అని మందు ఎక్కించడానికి గొట్టం పెట్టిన చోటు, భుజం కింద చూపించింది. "నువ్వు ఆఫీస్‌లో ఉన్నావు. అమ్మ చైర్‌లో కూర్చుంది, నేను స్టూల్ ఎక్కి పెట్టాను. కార్‌కి, మిక్సీకి, అన్నిటికీ నేనే."

"మీ అమ్మ ఏమైనా అందా?"

"గ్యాప్ సమానంగా పెట్టు, మీ నాన్న చూస్తారు, కొంచెం తేడా వచ్చినా పట్టుకుంటారు అంది. నేను టేప్‌తో మెజర్ చేశా." నవ్వబోయి ఆగిపోయింది. "నువ్వు చూడలేదు."

చూడలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి ప్రసాదం తిని టీవీ ముందు కూర్చుని ఉంటాను.

ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. ఏడుపు కాదు, ఈర్ష్య వచ్చింది. కన్నకూతురి మీద, పచ్చి ఈర్ష్య. కుర్చీలో కూర్చుని పైకి చూస్తూ "ఇంకాస్త ఎడమకి" అని ఆమె ఎలా అని ఉంటుందో దీనికి తెలుసు. ఆ మధ్యాహ్నం దీనికి దక్కింది, నాకు దక్కలేదు. ఈ రేకూ, ఈ కొలతలూ, ఈ భయం అంతా ఆమె వేలు తగలని వాటికోసమా అని ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు.

అది రేకుని ఇంకా దగ్గరికి పట్టుకుంది. నేను తిడతాననుకున్నట్టుంది.

"సారీ నాన్నా. నావే కదా, డ్రిల్ చేసేయ్. ఐ డోంట్ మైండ్."

రేకు దాని చేతుల్లోంచి తీసుకున్నాను.

"నీవే," అన్నాను. "అందుకే వద్దు."

గరాజ్‌లోకి వెళ్ళి, నడిమి రంధ్రానికి కాస్త పక్కగా కొత్త రంధ్రం వేసుకొచ్చాను.